అంకె తలకిందులైతే 68 కాస్తా 89 అవుతుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో చదువులు, ఉద్యోగాల పేజీని నేను విడవకుండా చదువుతాను. సివిల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగాలు దొరుకుతాయని రాస్తుంటారు. నిజమే, దొరుకుతున్నాయి. అయితే నేర్చుకుని వచ్చిన పిల్లలు మొదటి నెలలో ఎక్కడ చతికిలబడుతున్నారో మాత్రం ఎవరూ రాయడం లేదు. నేను ఇరవై రెండేళ్లుగా రోడ్లు, డ్రైనేజీ లైన్ల డ్రాయింగులు తయారుచేసే పనిలో ఉన్నాను. నేను చూసినంతలో వాళ్లను ఇబ్బంది పెట్టేవి పెద్ద లెక్కలు కావు. డ్రాయింగు మీద అక్షరాలు, అంకెలు అనుకున్న కోణంలో నిలబడవు. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఇంత చిన్న విషయానికి పత్రికకు ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. అందుకే జరిగినది ముందు చెబుతాను.

ఒక డ్రైనేజీ లైను షీట్లు తయారుచేస్తున్నాం. లైను పొడుగ్గా ఏటవాలుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు పెడితే ఒక షీటులో పట్టదు. కాబట్టి షీటు మీద లైను ఎడమ నుంచి కుడికి వచ్చేలా వ్యూపోర్టును, అంటే షీటులో డ్రాయింగును చూపించే కిటికీని, తిప్పాం. ఉత్తర దిక్కు బాణం దాదాపుగా కిందకు చూసింది. అందులో తప్పేమీ లేదు, అందరూ చేసేదే. పైపుల మీద రాతలు చక్కగా వచ్చాయి. సర్వే పాయింట్ల నంబర్లు మాత్రం తలకిందులయ్యాయి. వందకు పైగా పాయింట్లున్న షీటులో అవి చిన్న చిన్న అంకెలు. ఆ షీటు చూసి సరే అన్నది నేనే.

సైటులో పాయింట్లు గుర్తులు పెట్టే కుర్రాడు షీటులో 89 అని చదివాడు. టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంలో 89 కొట్టాడు. అది చూపించిన చోట మేకు దిగ్గొట్టాడు. నిజానికి అది 68. తలకిందులైతే 8 ఎనిమిదిగానే ఉంటుంది, 6 తొమ్మిది అవుతుంది, వరుస తారుమారై 89 కనిపిస్తుంది. 73 తలకిందులైతే ఎవరికైనా తెలుస్తుంది. 68, 61, 16, 99 లాంటివి తెలియవు, ఎందుకంటే తిరగేసినా అవి అంకెల్లాగే ఉంటాయి. మా అదృష్టం కొద్దీ రెండు మేకుల మధ్య దూరం టేపుతో కొలిచి చూసే అలవాటున్న సూపర్‌వైజర్ అక్కడ ఉన్నారు. దూరం షీటుతో కలవలేదు. తవ్వకం మొదలుకాకముందే తప్పు బయటపడింది. ఒక పూట పని పోయింది, అంతే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత జరిగినది ఇంకా చెప్పాలి. షీటు సరిచేయమని ఒక కొత్త అబ్బాయికి ఇచ్చాను. కష్టపడే పిల్లవాడు. పొద్దున్నే వచ్చి చూస్తే అన్నీ నిటారుగా ఉన్నాయి. పాయింట్ల అంకెలతో ఆగకుండా, కాస్త వంకరగా కనిపించిన పైపు రాతలను కూడా సరిచేశాడు. "ఎలా చేశావు?" అని అడిగితే, "ఎక్స్‌ప్లోడ్ చేసి ఒక్కొక్కటీ తిప్పాను మేడమ్, రెండున్నర దాకా కూర్చున్నా" అన్నాడు. నా గుండె జారిపోయింది. లేబుల్ అంటే పైపు వివరం చూసి సాఫ్ట్‌వేర్ తానే రాసే రాత. ఎక్స్‌ప్లోడ్ చేస్తే, అంటే విడగొడితే, అది లేబుల్ కాదు, వట్టి రాత. పైపుతో దానికి సంబంధం తెగిపోతుంది. రెండు వారాల తర్వాత డిజైన్ మారి ఒక పైపు వాలు 150కి 1 నుంచి 200కి 1 అయింది. పైపు మారింది. దాని మీద రాత మాత్రం 150 దగ్గరే ఉండిపోయింది. తలకిందులైన అంకెను చూస్తే ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. నిటారుగా నిలబడి అబద్ధం చెప్పే అంకెను ఎవరు అనుమానిస్తారు?

అందుకే నేను అందరికీ చెప్పేది ఒక్కటే. అక్షరం వంకరగా కనిపిస్తే దాన్ని తిప్పకండి. అది దేన్ని చూసి నిలబడిందో ముందు తెలుసుకోండి.

మేం వాడేది సివిల్ త్రీడీ, ఆటోక్యాడ్ మీద నడిచే సివిల్ డిజైన్ సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి లేబుల్ స్టైల్‌కూ, అంటే లేబుళ్ల రూపాన్ని నిర్ణయించే అమరికకూ, ఓరియంటేషన్ రిఫరెన్స్ అని ఒక సెట్టింగు ఉంటుంది. జవాబులు మూడే: ఆబ్జెక్ట్, వ్యూ, వరల్డ్ కోఆర్డినేట్ సిస్టమ్. ఆబ్జెక్ట్ అంటే రాత తన పైపునో, తన రోడ్డునో చూసి నిలబడుతుంది. పైపు ఎటు వాలితే రాత అటు వాలుతుంది. వ్యూ అంటే చదివే మనిషిని చూసి నిలబడుతుంది. షీటును ఎంత తిప్పినా మనకు అడ్డంగానే కనిపిస్తుంది. వరల్డ్ అంటే నేలను చూసి నిలబడుతుంది. నేల మీద తూర్పు ఎటో రాత అటే సాగుతుంది, మనం ఎటు నుంచి చూస్తున్నామో దానికి పట్టదు. మా సర్వే పాయింట్ల స్టైల్‌లో ఉన్నది వరల్డ్. దానితోపాటు చదవడానికి వీలుగా ఉంచే ప్లాన్ రీడబుల్ అన్న సెట్టింగు ఆపేసి ఉంది. షీటు తిరిగింది, అంకెలు నేలనే పట్టుకుని ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తన పని తాను సరిగ్గానే చేసింది. మేము చెప్పింది ఒకటి, కోరుకున్నది ఇంకొకటి. ఎక్స్‌ప్లోడ్ చేయకముందరి ఫైలు తెరిచి, స్టైల్‌లో ఆ ఒక్క మాట వ్యూ అని మారిస్తే వందకు పైగా అంకెలు ఒక్క క్షణంలో లేచి నిలబడ్డాయి. ఆ అబ్బాయి స్క్రీన్ వైపు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రంతా పడిన కష్టం కళ్లముందు కదిలి ఉంటుంది. తప్పు అతనిది కాదు. ఈ ఒక్క ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు.

డ్రాయింగు బోర్డు మీద చేత్తో గీసిన రోజుల్లో షీటును అడుగు నుంచి గానీ, కుడి పక్క నుంచి గానీ చదవగలగాలన్నది నియమం. మాకు పని నేర్పిన పెద్దాయన 6 కింద, 9 కింద చిన్న గీత పెట్టించేవారు. పెట్టకపోతే షీటు వెనక్కి వచ్చేది. ఆ నియమమే ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకెగా కూర్చుంది. దాని పేరు రీడబిలిటీ బయాస్. మామూలుగా అది 110 డిగ్రీలు ఉంటుంది. చూసేవాళ్ల అడ్డగీత నుంచి రాత కోణం ఆ హద్దు దాటితే సాఫ్ట్‌వేర్ రాతను తిప్పి, చదివే వైపు నిలబెడుతుంది.

హద్దు 90 కాకుండా 110 ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక రోడ్డు షీటు చూశాకే అర్థమైంది. ఆ రోడ్డు షీటు మీద ఎడమ నుంచి కుడికి పోతుంది. చైనేజీ అంకెలు, అంటే రోడ్డు మొదలు నుంచి దూరాన్ని చెప్పేవి, రోడ్డుకు అడ్డంగా, అంటే కాగితం మీద నిలువుగా ఉంటాయి. 1+240 వరకు అన్నీ కింద నుంచి పైకి చదివేలా ఉన్నాయి. 1+260 దగ్గర ఒక్కసారిగా పై నుంచి కిందకు తిరిగాయి. 1+340 దాకా అలాగే పోయి మళ్లీ మామూలయ్యాయి. నేను స్కేలూ ప్రొట్రాక్టరూ తీసుకుని ప్రింటు మీదే కొలిచాను. రోడ్డు అక్కడ కొద్దిగా పైకి వంపు తిరిగింది, చూస్తే కనిపించనంత. 88 దగ్గర ఉన్న రాత కోణం 91, 93 అయింది. ఎవరో పాత టెంప్లేటులో బయాస్‌ను 90 చేసిపెట్టారు. 90 దాటగానే రాత తిరిగిపోతోంది. 110 అని ఉంటే నిలువు దాటి ఇంకో ఇరవై డిగ్రీలు ఓపిక పడుతుంది, చిన్న వంపులకు తిరగదు. ఆ ఇరవై డిగ్రీల వెసులుబాటు ఎవరు ఆలోచించి పెట్టారో గానీ వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఇంకో మాట. డ్రాయింగు మొత్తానికి వర్తించే సెట్టింగు పైన మార్చినా, కింద ఒక స్టైల్ మారకుండా మొండికేస్తే, ఆ స్టైల్‌లో ఎవరో విడిగా విలువ పెట్టి ఉంటారు. దాన్ని ఓవర్‌రైడ్ అంటారు. ఆ చోటికే వెళ్లి చూడాలి. ఆ ఓవర్‌రైడ్ తీసేయకుండా పైనుంచి వందసార్లు మార్చినా అది కదలదు.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది చెట్ల సంగతి. ఒక రోడ్డు వెడల్పు చేసే పనిలో సర్వే ఫైలు వచ్చింది. పాయింట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. విద్యుత్ స్తంభాలు, కాలువ అంచులు, గోడలు, అన్నిటి రాతలూ నిటారుగా ఉన్నాయి. ఒక్క చెట్లవి తప్ప. పోనీ అన్ని చెట్లూ ఒకేలా వాలాయా అంటే అదీ లేదు. ఒకటి కొంచెం, ఒకటి సగం, ఒకటి పూర్తిగా నిలువుగా. ఓరియంటేషన్ చూశాను, సరిగ్గానే ఉంది. బయాస్ చూశాను, 110. స్టైల్ లోపల రాతకు విడిగా ఇచ్చే కోణం చూశాను, సున్నా. సాయంత్రం దాకా వెతికాను.

చివరికి ఒక్కో చెట్టు మీద మౌస్ పెట్టి సర్వే వాళ్లు రాసిన వివరం చదవడం మొదలుపెట్టాను. టీఆర్ 30, టీఆర్ 45, టీఆర్ 90. టీఆర్ అంటే చెట్టు. పక్కనున్నది కాండం మందం, సెంటీమీటర్లలో. 30 మందం ఉన్న చెట్టు రాత 30 డిగ్రీలు వాలింది. 45 మందం ఉన్నది 45 డిగ్రీలు. 90 ఉన్న మహావృక్షం రాత నిలువుగా లేచి నిలబడింది. కోడ్‌ను బట్టి పాయింటుకు స్టైల్ తగిలించే పట్టిక ఒకటుంటుంది, డిస్క్రిప్షన్ కీ అంటారు. అందులో చెట్టు వరుసలో లేబుల్ తిప్పడానికి మొదటి పారామీటర్, అంటే కోడ్ తర్వాత వచ్చే మొదటి అంకె, వాడమని టిక్ పెట్టి ఉంది. సర్వే వాళ్లు మందం రాశారు, పట్టిక దాన్ని కోణంగా చదివింది. టిక్ తీసేసి ఆ పట్టికను మళ్లీ వర్తింపజేస్తే చెట్లన్నీ దారికొచ్చాయి. చేత్తో తిప్పి ఉంటే ఆ రోజుకు పని అయిపోయేది. మరుసటి వారం ఇంకో సర్వే ఫైలు వచ్చేది, మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

కోణాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. సర్వేయరు కోణాన్ని ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కిస్తారు. ఆటోక్యాడ్ మామూలు లెక్క తూర్పు నుంచి, ముల్లుకు ఎదురు వైపు. సర్వేయరు 30 అంటే ఇక్కడ 60. కొత్తవాళ్లు దీన్ని పరీక్షించడానికి ఎప్పుడూ 45 కొట్టి చూస్తారు. సరిపోయింది అనుకుంటారు. 45 రెండు లెక్కల్లోనూ ఒకే చోట పడుతుంది కాబట్టి సరిపోతుంది! 20 కొట్టి చూడమనండి, తేడా ఉంటే వెంటనే బయటపడుతుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదమైనది. రాతలు వంకరగా ఉన్నాయని డ్రాయింగు మొత్తాన్నే తిప్పేయడం. చాలామంది చేస్తారు. దయచేసి చేయకండి. డ్రాయింగులో ప్రతి బిందువుకూ నేల మీద ఒక చిరునామా ఉంటుంది. యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతిలో మన దగ్గర తూర్పు దూరం ఆరంకెలు, ఉత్తర దూరం ఏడంకెలు ఉంటాయి. డ్రాయింగును తిప్పితే ఆ చిరునామాలన్నీ మారిపోతాయి. చూపును తిప్పవచ్చు, దానికి డీవ్యూ కమాండులో ట్విస్ట్ ఉంది. లేదా యూసీఎస్, అంటే మనం పెట్టుకునే అడ్డం నిలువు గీతల దిశ, మార్చి ప్లాన్ కమాండు కొట్టవచ్చు. రెండింటిలోనూ నేల కదలదు, మన చూపే తిరుగుతుంది. ఒక్క తేడా ఉంది. ట్విస్ట్‌తో తిప్పి ఊరుకుంటే కొత్తగా టైపు చేసే మామూలు టెక్స్ట్ పాత అడ్డగీత వెంటే పడి వంకరగా వస్తుంది. యూసీఎస్‌ను కూడా తిప్పితే స్క్రీన్‌కు అడ్డంగా వస్తుంది.

ఒకసారి మా దగ్గర ఒక అమ్మాయి ఫైలును 37 డిగ్రీలు తిప్పి, పని పూర్తయ్యాక మళ్లీ వెనక్కి 37 డిగ్రీలు తిప్పి పంపించింది. తిప్పినట్టు తిప్పి మళ్లీ యథాస్థానంలో పెట్టేశానని ఆమె నమ్మకం. రాతలన్నీ చక్కగా ఉన్నాయి, ఉత్తర బాణం పైకే ఉంది. రోడ్డు డ్రాయింగు మీద పరిచి చూస్తే పైపులైను మొత్తం పక్కకు జరిగి ఉంది. మొదటిసారి తిప్పినప్పుడు ఒక మూల పట్టుకుంది, రెండోసారి ఇంకో మూల పట్టుకుంది. కోణం తిరిగి వచ్చింది, చోటు రాలేదు. ఆ రెండు మూలల మధ్య దూరం 10 మీటర్లే అయినా, 37 డిగ్రీలకు జరుగుబాటు 6 మీటర్ల పైచిలుకు వస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఆ అమ్మాయి ఏడ్చేసింది. నేను చూడకపోతే ఆ ఫైలు సైటుకు వెళ్లేది.

మిగతావి చిన్నవి. లేబుల్‌ను పట్టుకుని పక్కకు లాగితే దాని రూపం, కోణం మారవచ్చు, లాగిన స్థితికి స్టైల్‌లో వేరే అమరిక ఉంటుంది. కుడి క్లిక్‌లో రీసెట్ లేబుల్ అంటే మళ్లీ చోటికి వెళ్తుంది. అద్దంలో చూసినట్టు అక్షరాలు అటుదిటైతే అది తిప్పడం వల్ల కాదు, మిర్రర్ వల్ల. మిర్రర్ చేసే ముందు మిర్‌టెక్స్ట్ అనే సెట్టింగు సున్నాలో ఉందేమో చూసుకోవాలి. లేబుల్ కాని మామూలు అనోటేటివ్ టెక్స్ట్ (స్కేలును బట్టి సైజు సర్దుకునే రాత) అయితే, టెక్స్ట్ స్టైల్‌లో రాతను లేఅవుట్‌కు సరిపెట్టే టిక్ ఒకటుంది, అది చాలు. ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో టోరియెంట్ కమాండు కూడా మామూలు టెక్స్ట్‌ను చదివే వైపు తిప్పుతుంది.

నా దగ్గరకు ఎవరైనా వంకర రాత పట్టుకుని వస్తే ముందు మౌస్ మీద నుంచి చెయ్యి తీయమంటాను. ఒక్కటే వంకరా, అన్నీనా? ఒక్కటే అయితే ఎవరో లాగి ఉంటారు. ఒకే రకం పాయింట్లయితే స్టైల్ గానీ, పట్టిక గానీ. మోడల్‌లో, అంటే అసలు డ్రాయింగులో, బాగుండి షీటులోనే వంకర అయితే వ్యూపోర్టు తిరిగి ఉంటుంది, రాత నేలను పట్టుకుని ఉంటుంది. ఈ నాలుగు మాటలు అడిగేసరికి సగం మంది తామే కనిపెట్టి వెళ్లిపోతారు.

సంపాదకులు గారూ, ఇవన్నీ ఇంగ్లిష్ సహాయ పుటల్లో ఉన్నాయి. కానీ అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని, తెల్లారితే షీటు ఇవ్వాల్సిన పిల్లవాడికి ఏ పేరుతో వెతకాలో తెలియదు. అతనికి తెలిసింది "రాతలు తిరిగిపోయాయి" అన్న మాట ఒక్కటే. ఆ మాటతో వెతికితే తెలుగులో జవాబు దొరకాలి. కోర్సుల పేర్లు, జీతాలు అచ్చు వేసే పేజీలోనే వారానికి ఒక్క సమస్య, ఇలా జరిగినది జరిగినట్టు, పని చేసేవాళ్ల చేత రాయించండి. మొదటిది రాయడానికి నేను సిద్ధం. నా దగ్గర ఇలాంటివి రాసుకున్న నోటుపుస్తకాలు మూడున్నాయి.

అనుభవం ఉన్న తోటివాళ్లకూ ఒక మనవి. కొత్తవాళ్లు షీటు తెచ్చినప్పుడు "బాగుంది" అనే ముందు, "దీన్ని ఎలా తిప్పావు?" అని అడగండి. నేను ఆ రోజు అడిగాను కాబట్టే ఎక్స్‌ప్లోడ్ సంగతి తెలిసింది. అడిగేసరికే ఆలస్యమైందన్నది వేరే మాట. ఆ షీట్లన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాం.

ఇప్పుడు మా పాయింట్ల లేబుల్ స్టైల్ వ్యూ మీద ఉంటుంది. నంబరుకు ముందు ఎస్ అనే అక్షరం, మధ్యలో అడ్డగీత కూడా చేర్చాం. తలకిందులైతే ఆ అక్షరం అంకెల వెనక్కి వెళ్లిపోతుంది, చూసినవాళ్లు వెంటనే షీటు తిప్పి పట్టుకుంటారు. ఆ రాత్రి రెండున్నర దాకా కూర్చున్న అబ్బాయే ఆ స్టైల్ తయారుచేశాడు.

ఇట్లు,
రోడ్లు, డ్రైనేజీ డిజైన్ పనిలో ఉన్న ఒక పాఠకురాలు